తాళపు తీగలు: వీణావాదనంలో ఘాత - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

తీగవాద్యాన్ని ఒంటరిగా వాయించే కళాకారునికి లయను కూడా తానే పలికించవలసిన అవసరం ఏర్పడుతుంది. పాశ్చాత్య గిటారు వాదకులు ఈ అవసరాన్ని వాద్యపు చెక్కను, తీగలను తట్టడం ద్వారా తీర్చుకొన్నారు. దక్షిణభారత వీణలో ఇదే పనికి వాద్యనిర్మాణంలోనే ఒక ఏర్పాటు ఉంది. అది మూడు తాళపు తీగల ఏర్పాటు. వీణావాదన చరిత్రను గాత్రధర్మం ఒక్కదానితోనే కొలవడం వల్ల ఈ ఘాతాంశం మరుగున పడిందనీ, ఆంధ్ర వైణిక సంప్రదాయాన్ని అంచనా వేయడంలో దీనివల్ల లోపం ఏర్పడిందనీ నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం. శాస్త్రగ్రంథాలు, వాద్యనిర్మాణం, వాదనపద్ధతి అనే మూడు ఆధారాలను ఇందుకు వినియోగించడం జరిగింది.

కీలక పదాలు: నూజివీడు వీణ, తాళపు తీగలు, మీటు, ఘాత, తానం, ఆంధ్ర బాణీ.

1. ఉపోద్ఘాతం:

పూర్వపు కృష్ణాజిల్లాలోని నూజివీడు పేరు చెప్పగానే తెలుగువారికి మామిడితోటలు, వాటిలో పండే రసాలు, బంగినపల్లి కాయలు గుర్తుకు వస్తాయి. సంగీతజ్ఞులకు మాత్రం ఆ పేరు మరొక వస్తువును కూడా స్ఫురింపజేస్తుంది. అది నూజివీడు వీణ. ఉత్తరాంధ్రలో బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లి వీణలకు ఎంత పేరుందో, కోస్తా మధ్యభాగంలో నూజివీడు వీణలకు అంత పేరుంది. ఈ రెండు చోట్లా వీణకు వాడే కలప పనస.

ఈ పనసకు మరొక ప్రసిద్ధి కూడా ఉంది. మృదంగపు కట్టెను దొలిచేది సాధారణంగా పనస దుంగ నుంచే. కంజిర చట్రానికి సంప్రదాయంగా వాడేదీ పనసే. అంటే కర్ణాటక సంగీత కచేరీలో రాగాన్ని పలికించే ప్రధాన తీగవాద్యానికీ, లయను పలికించే ప్రధాన చర్మవాద్యానికీ దేహం ఒకే జాతి చెట్టు నుంచి వస్తున్నది. వృత్తికారునికి ఇది నిత్యానుభవం. సంగీత చరిత్రకారులు మాత్రం వీణను గానానికీ, మృదంగాన్ని లయకూ విడదీసి చూపించారు. ఈ విభజన ఎంతవరకు సమంజసం? వీణలో లయ ఎక్కడ ఉంది? ఈ రెండు ప్రశ్నలే ప్రస్తుత వ్యాసానికి ఆధారం.

2. తులనాత్మక నేపథ్యం - గిటారులో ఘాత:

వీణలోని ఏర్పాటు ప్రత్యేకత తెలియాలంటే, అదే సమస్యను మరొక సంప్రదాయం ఎలా పరిష్కరించుకొన్నదో చూడటం ఉపయోగకరం. స్పెయిన్ దేశపు ఫ్లమెంకో సంప్రదాయంలో గిటారు వాదకుడు తీగలను మీటుతూనే వేలితో వాద్యపు పైపలకను తడతాడు. ఈ దెబ్బను 'గోల్పే' అంటారు. గోళ్ల తాకిడికి చెక్క పాడవకుండా పైపలకపై ఒక పలుచని రక్షణరేకును అతికిస్తారు. 'తంబోరా' అనే మరొక పద్ధతిలో గుర్రం సమీపాన తీగలపై బొటనవేలి పక్కభాగంతో కొట్టి, స్వరాలతో కూడిన మద్దెల వంటి ధ్వనిని రాబడతారు.

శాస్త్రీయ గిటారు రచనల్లోనూ ఈ పద్ధతులకు చోటు దొరికింది. ఫ్రాన్సిస్కో తార్రెగా (1852-1909) తన 'గ్రాన్ హోతా'లో రెండు మందర తీగలను ఒకదానిపై ఒకటి మెలివేసి నొక్కి, సైనిక భేరి వంటి శబ్దాన్ని పలికించే విధానాన్ని ఉపయోగించాడు. అర్జెంటీనా స్వరకర్త అల్బెర్తో హినస్తేరా 1976లో రచించిన గిటారు సొనాటాలో చెక్కపై దెబ్బలు, తీగలపై తట్టడం రచనలో భాగాలయ్యాయి.

ఈ ఉదాహరణల్లో ఒక సామాన్యలక్షణం ఉంది. గిటారుకు ఉన్న ఆరు తీగలూ స్వరం కోసం అమరినవే. లయ కోసం ప్రత్యేకించిన తీగ వాటిలో లేదు. అందుచేత వాదకుడు వాద్యాన్ని దాని సహజ వినియోగానికి వెలుపల మరొక విధంగా, అంటే ఒక డోలుగా, ఉపయోగించుకొంటాడు. వీణ విషయంలో ఈ మార్గం అనుకూలం కాదు. వీణమెట్లు మైనపు దిమ్మెపై నిలిచి ఉంటాయి. స్వరస్థానాలు ఆ మైనంలోని అమరికపైనే ఆధారపడతాయి. వాద్యాన్ని తట్టి వాయించడానికి ఆ నిర్మాణం అనువైనది కాదు. పైగా వీణను సరస్వతీ స్వరూపంగా భావించే సంప్రదాయంలో దానిపై దెబ్బ వేయడం మర్యాద కాదు. అయినా వీణకు ఘాత ఉంది. దానికి శాస్త్రంలో పేర్లున్నాయి, వాద్యంలో తావుంది, చేతిలో ఒక వేలుంది.

3. శాస్త్రగ్రంథాల్లో మీటు:

భరతుని నాట్యశాస్త్రంలో తంత్రీవాద్యాలను గురించిన భాగంలో 'ధాతువులు' అనే భావన కనిపిస్తుంది. విస్తారం, కరణం, ఆవిద్ధం, వ్యంజనం అనే నాలుగు ధాతువులను చెప్పి, వాటి భేదాలను మొత్తం ముప్పైనాలుగుగా విభజించాడు. ఇవన్నీ తీగను తాకే పద్ధతులే. భరతుడు చెప్పిన చిత్ర, విపంచి వంటి వీణలకూ నేటి మెట్ల వీణకూ నిర్మాణంలో పోలిక తక్కువ. అయినా ఆనాటి వైణికశాస్త్రం తాకిడిని ఎంత శ్రద్ధగా వర్గీకరించిందో దీనివల్ల తెలుస్తుంది.

వీటిలో 'వ్యంజన' అనే పేరు భాషాసాహిత్య విద్యార్థులను ఆలోచింపజేస్తుంది. వ్యంజనమంటే వ్యక్తపరచేది. మన వ్యాకరణంలో హల్లుకు ఇదే పేరు. హల్లు తనంత తాను సాగదు. అచ్చు సాగుతుంది. కాని అక్షరానికి మొదలును, రూపురేఖలను ఇచ్చేది హల్లే. మీటుకూ గమకానికీ ఉన్న సంబంధం ఇటువంటిదే. మీటు తాకి ముగుస్తుంది, గమకం ఆ నాదాన్ని సాగదీస్తుంది. ఈ పోలికను భరతుడు ఉద్దేశించాడని చెప్పడం ఇక్కడి అభిప్రాయం కాదు. వైణికుని కుడిచేతి పనిని వివరించడానికి ఈ పదం సమర్థంగా ఉపకరిస్తుందని మాత్రమే ప్రతిపాదన.

పదమూడో శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం వాద్యాధ్యాయంలో వైణికుని హస్తవ్యాపారాలను కుడిచేతివి, ఎడమచేతివి, రెండు చేతులవి అని మూడు విధాలుగా విభజించాడు. కుడిచేతి వ్యాపారాల్లో ఘాతం, పాతం, భ్రమరం, ఛిన్నం, నఖకర్తరి వంటివి ఉన్నాయి. ఉభయహస్త వ్యాపారాల్లో 'తలహస్తం' అనే పేరు కూడా కనిపిస్తుంది. 'తల' అంటే అరచేయి. గిటారు వాదకులు తీగలపై చేతితో కొట్టే పద్ధతిని ఆధునిక ప్రయోగంగా భావించేవారు ఈ పరిభాషను గమనించవలసి ఉంది.

తెలుగువారికి మరింత సన్నిహితమైన ఆధారాలు రెండు. మొదటిది విజయనగర అళియ రామరాయల ఆశ్రయంలో రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధి. అందులోని వీణాప్రకరణం దండిపై నాలుగు తీగలను, పక్కన మూడు తీగలను చెప్పి, పక్క తీగలను శ్రుతికి సంబంధించినవిగా పేర్కొంటుంది. రెండవది ఆంధ్రదేశీయుడుగా సంగీత చరిత్రకారులు భావించే సోమనాథుడు 1609లో రచించిన రాగవిబోధం. సోమనాథుడు సుమారు ఇరవై వాదనభేదాలకు పేర్లు పెట్టి, వాటికి సంకేతచిహ్నాలు కల్పించి, రాగరూపాల స్వరలేఖనంలో వాటిని ప్రయోగించాడు. ఆహతి, ప్రతిహతి వంటి తాకిడులతోపాటు మృదు, కఠిన అనే భేదాలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. తీగను ఎంత మెత్తగా, ఎంత గట్టిగా తాకాలో కూడా రాసి చూపవలసిన విషయమని పదిహేడో శతాబ్ది లాక్షణికుడు గుర్తించాడన్నమాట.

4. వాద్యనిర్మాణం - శ్రుతి తీగలా, తాళపు తీగలా?

నేటి వీణకు ఇరవైనాలుగు మెట్ల స్థిరమైన అమరికను తంజావూరు రఘునాథనాయకుని (పాలనాకాలం 1600-1634) కాలానికి చెందినదిగా సంప్రదాయం చెబుతుంది. తెలుగు రాజాస్థానంలో స్థిరపడిన ఆ రూపమే నూజివీడు, బొబ్బిలి, తంజావూరు వీణలన్నింటికీ మాతృక. మెట్లపై సాగే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. దండికి పక్కగా మరో మూడు తీగలుంటాయి: పక్కసారణి, పక్కపంచమం, హెచ్చుసారణి. ఇవి వరుసగా మధ్యస్థాయి షడ్జానికి, పంచమానికి, తారషడ్జానికి శ్రుతి చేయబడతాయి. ప్రధాన గుర్రానికి జోడించిన వంపు తిరిగిన లోహపు రేకు వీటికి ఆధారం. వీటి కింద మెట్లు ఉండవు. కాబట్టి ఎడమచేతికి వీటితో పని లేదు.

రామామాత్యుడు శ్రుతితో ముడిపెట్టిన పక్క తీగలను నేటి వైణికులు ఎక్కువగా తాళపు తీగలంటారు. శ్రుతి తీగలనే మాట కూడా వాడుకలో ఉంది. ఒకే వస్తువుకు ఉన్న ఈ రెండు పేర్లు రెండు ప్రయోజనాలను తెలుపుతున్నాయి. అవి కేవలం శ్రుతి కోసమే అయితే తంబురా తీగల్లాగా ఎడతెగకుండా మోగాలి. వైణికుడు వాటిని అలా మోగించడు. తాళంలోని ఘాతల వద్ద, స్వరవాక్యాల సంధుల్లో, తానంలో మీటు మీటుకూ నడుమ తాకుతాడు. తాకే కాలాన్ని నిర్ణయించేది లయ. తాకినప్పుడు వినిపించే స్వరాన్ని నిర్ణయించేది శ్రుతి. ఇది శ్రుతి గల ఘాత.

ఈ లక్షణం మృదంగానికి కూడా ఉంది. మృదంగపు కుడి మూతను ప్రధాన గాయకుని ఆధారషడ్జానికి శ్రుతి చేస్తారు. లయవాద్యమైనా అది శ్రుతిని విడిచిపెట్టదు. తాళపు తీగలు స్వరవాద్యానికి చెందినవైనా లయను విడిచిపెట్టవు. పంచమం లేని రాగాలను వాయించేటప్పుడు కొందరు వైణికులు పక్కపంచమాన్ని మధ్యమానికి మార్చుకొంటారు. ఘాత కూడా రాగానికి లోబడి ఉండాలనే నియమం ఈ ఆచారంలో స్పష్టమవుతుంది. గిటారు చెక్కపై పడిన గోల్పే దెబ్బకు ఇటువంటి బాధ్యత లేదు. రెండు సంప్రదాయాల మధ్య ఉన్న ముఖ్యమైన భేదం ఇదే.

ఈ దృష్టితో చూసినప్పుడు వీణ తయారీదారుని పనికి కొత్త ప్రాముఖ్యం వస్తుంది. కుడాన్ని ఎంత పలుచగా దొలచాలి, పైపలకకు ఎంత మందం ఉంచాలి, గుర్రంపై ఇత్తడి రేకును ఎంత వంపుతో అరగదీయాలి, పక్క రేకును ఏ ఎత్తులో బిగించాలి అనే నిర్ణయాలు మీటు స్వభావాన్ని నిర్ణయిస్తాయి. పలక మరీ మందమైతే తాకిడి మొద్దుబారుతుంది. రేకు వంపు కుదరకపోతే నాదం సాగదు లేదా జీర వస్తుంది. తాళపు తీగలు మితిమీరి మోగితే సారణి నాదాన్ని కప్పివేస్తాయి. మోగకపోతే లయ చప్పబడుతుంది. నూజివీడు కార్ఖానాలోని ఉలి, ఆకురాయి చేసే ఈ సమతూకం వైణికుడు వీణను ఒడిలోకి తీసుకోకముందే అతని లయకు హద్దులు గీస్తుంది.

5. కుడిచేతి చిటికెనవేలు, తానం:

వీణను మీటేటప్పుడు కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు ప్రధాన తీగలను కిందివైపు మీటుతాయి. చిటికెనవేలు తాళపు తీగలను అందుకు భిన్నంగా పైవైపు మీటుతుంది. ఒకే చేతిలో రెండు వ్యతిరేక దిశల కదలికలు ఏకకాలంలో జరగవలసి రావడం వైణికశిక్షణలో తొలి కష్టం. సరళీస్వరాల దశలోనే గురువు శిష్యునిచేత తాళఘాతల వద్ద చిటికెనవేలిని ఆడిస్తాడు. పాడే విద్యార్థి తొడపై చేతితో తాళం వేస్తాడు. వీణ నేర్చుకొనే విద్యార్థికి రెండు చేతులూ వాద్యంపైనే ఉంటాయి కనుక అతని తాళం వాద్యంలోకే చేరింది.

ఈ ఏర్పాటు సంపూర్ణంగా వికసించినది తానంలో. రాగం తానం పల్లవిలో రెండవ అంగమైన తానానికి తాళబద్ధత లేదు. కాని లయ ఉంది. ఆలాపనలోని స్వేచ్ఛకూ పల్లవిలోని తాళనియమానికీ మధ్య అది వారధి. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ అనే ఘనరాగాల తానాలు వైణికులకు ప్రీతిపాత్రం. తానం వాయించేటప్పుడు సారణిపై పడే జంట మీట్ల నడుమ తాళపు తీగల తాకిడి చొరబడి, రెండు చేతులవారు వాయిస్తున్నట్లు భ్రమ కలిగిస్తుంది. గాత్రంలో తానం పాడేవారు పలికే 'తానం', 'అనంతం' వంటి అక్షరాలు ఈ మీట్ల నడకకు ఎంతో దగ్గరగా ఉంటాయి. గాత్రాన్ని వీణ అనుకరిస్తుందనే సాధారణ సూత్రం ఇక్కడ తలకిందులవుతుంది. తానంలో గాత్రమే వీణ దారిలో నడుస్తుంది.

6. ఎడమచేతి ఘాత - సంప్రదాయప్రదర్శిని సాక్ష్యం:

తాకిడి కుడిచేతికే పరిమితం కాదు. సుబ్బరామ దీక్షితులు తెలుగులో రచించి 1904లో ఎట్టయాపురం నుంచి ప్రకటించిన సంగీతసంప్రదాయప్రదర్శిని గమకాలను వివరించేటప్పుడు వీణపై వేళ్ల కదలికలను ఆధారం చేసుకొంటుంది. స్ఫురితం, ప్రత్యాహతం అనే గమకాల్లో ఎడమచేతి వేలు మెట్టుపై తీగను తాకడం వల్లనో, తాకి విడవడం వల్లనో స్వరం పుడుతుంది. ప్రతి స్వరానికీ కుడిచేతి మీటు అవసరం లేదు. ఆధునిక గిటారు వాదకులు ఎడమచేతి వేలితో తీగను మెట్టుపై కొట్టి స్వరం పలికించే విధానానికి ఇది దగ్గరి బంధువు.

ముత్తుస్వామి దీక్షితుల కృతులను గమకచిహ్నాలతో భద్రపరచిన గ్రంథంగా ప్రదర్శినికి గౌరవం ఉంది. దానిని తెలుగులో వెలువడిన వాదనపద్ధతి గ్రంథంగా కూడా చదవవచ్చు. ఆ చిహ్నాల్లో చాలావాటికి అర్థం వేలి కదలికలో ఉంది. సోమనాథుడు 1609లో చేసిన ప్రయత్నానికి మూడు శతాబ్దాల తరువాత అదే స్వభావం గల ప్రయత్నం తెలుగు లిపిలో జరిగిందన్న విషయం మన సంగీతసాహిత్య చరిత్రలో నమోదు కావలసి ఉంది.

7. ఆంధ్ర బాణీ - తీర్పుల పునఃపరిశీలన:

వీణాబాణీలను పోల్చేటప్పుడు తంజావూరు బాణీలో మీట్లు తక్కువ, గమకం ఎక్కువ అనీ, ఆంధ్ర బాణీలో మీట్లు, వేగం ఎక్కువ అనీ చెప్పడం పరిపాటి. ఈ వాక్యం వర్ణనగా మొదలై, చాలాసార్లు తీర్పుగా ముగుస్తుంది. మీటు తక్కువైతే గాత్రానికి దగ్గర, గాత్రానికి దగ్గరైతే ఉత్తమం అనే కొలబద్ద ఆ తీర్పు వెనుక ఉంది.

ఈ కొలబద్దకు రెండు అభ్యంతరాలున్నాయి. మొదటిది సాహిత్యపరమైనది. కృతిని వాయించే వైణికుడు సాహిత్యంలోని అక్షరాలను అనుసరించి మీటు వేస్తాడు. ఎక్కడ కొత్త అక్షరం మొదలవుతుందో అక్కడ మీటు పడుతుంది, అచ్చు సాగేచోట గమకం సాగుతుంది. మీటు లేకపోతే పదం ఎక్కడ విరిగిందో శ్రోతకు తెలియదు. గాత్రధర్మాన్ని నిలబెట్టేది కూడా మీటే అయినప్పుడు, దానిని గాత్రధర్మానికి ప్రతికూలంగా చూపడం పొసగదు. రెండవది చారిత్రకమైనది. ధ్వనివర్ధకం రాకముందు సభలో చివరివరుస దాకా నాదం వినిపించడానికి బలమైన మీటు తప్ప వేరే సాధనం లేదు. ఆ కాలపు మీటును మైకు కాలపు వినికిడితో తూచడం న్యాయం కాదు.

విజయనగర సంస్థానంలో ప్రసిద్ధుడైన వీణా వెంకటరమణదాసు, పిఠాపుర సంస్థానాన్ని ఆశ్రయించిన తుమరాడ సంగమేశ్వరశాస్త్రి ధ్వనివర్ధకానికి ముందుతరం వైణికులు. సంగమేశ్వరశాస్త్రి వాదనాన్ని పిఠాపురంలో విన్న రవీంద్రనాథ ఠాగూరు ఆయనను శాంతినికేతనానికి ఆహ్వానించడం ప్రసిద్ధం. కర్ణాటక సంగీతపు గాత్రసంప్రదాయానికి వెలుపల పెరిగిన ఒక మహాకవిని ఆ వీణ ఆకర్షించిందంటే, ఆ ఆకర్షణకు గాత్రానుకరణ ఒక్కటే కారణం కాజాలదు.

ద్రాక్షారామంలో జన్మించిన ఈమని శంకరశాస్త్రి (1922-1987) తరువాతి తరానికి ప్రతినిధి. మద్రాసులో జెమినీ స్టూడియోలోను, ఆ తరువాత ఆకాశవాణిలోను పనిచేసిన ఆయన వృత్తిజీవితమంతా మైకు ఎదుట సాగింది. ఒక మీటుపై అనేక స్వరాలను పలికించే గమకవిస్తృతి ఆయన వాదనంలో ప్రధానమైంది. అదే సమయంలో 'ఆదర్శ శిఖరారోహణం' వంటి వర్ణనాత్మక రచనల్లో వీణను గానానికి వెలుపలి భావాలకు కూడా వినియోగించాడు. ఆయన శిష్యుడు, కాకినాడకు చెందిన చిట్టిబాబు (1936-1996) గుడిగంటలను, కోయిల కూతను వీణపై పలికించి సామాన్య శ్రోతను ఆకట్టుకొన్నాడు. వీటిని శాస్త్రీయతకు దూరమైన చమత్కారాలుగా భావించిన విమర్శకులున్నారు. గంట అంటేనే శ్రుతి గల ఘాత. వీణలో ఘాతకు ఉన్న స్థానాన్ని అంగీకరిస్తే, గుడిగంటల అనుకరణ వాద్యానికి పరాయిది కాదని ఒప్పుకోవలసి వస్తుంది. దాని ఔచిత్యాన్ని గురించి చర్చ సాగవచ్చు. కాని దానిని వాద్యధర్మానికి విరుద్ధమని కొట్టివేయడం కుదరదు.

మైకుతోపాటు వాద్యానికే తగిలించే పికప్ కూడా వచ్చిన తరువాత పరిస్థితి మరింత మారింది. మెత్తని స్పర్శ కూడా సభంతా వినిపిస్తుంది. దీనివల్ల గమకం సూక్ష్మమైంది. అదే సమయంలో చెక్క ద్వారా వినిపించే ధ్వనికీ, పరికరం ద్వారా వినిపించే ధ్వనికీ దూరం పెరిగింది. తీగ కదలికనే పికప్ ప్రధానంగా అందుకొంటే, పనస పలక మందానికి ఉన్న విలువ తగ్గుతుంది. నూజివీడు తయారీదారుని నైపుణ్యానికి ఇది నేరుగా సంబంధించిన విషయం. కలప నాణ్యత వినిపించని చోట కలపను ఎంచే విద్యకు గిరాకీ ఉండదు.

8. ఉపసంహారం:

పై పరిశీలన వల్ల తేలే అంశాలు ఇవి. గిటారులో ఘాత వాదకుడు వాద్యానికి చేర్చిన అదనపు వినియోగం కాగా, వీణలో అది పక్క తీగల రూపంలో నిర్మాణంలోనే ఇమిడి ఉంది. నాట్యశాస్త్రం నుంచి సంప్రదాయప్రదర్శిని వరకు తాకిడి పద్ధతులను వర్గీకరించే కృషి కొనసాగింది. అందులో తెలుగు రచయితల పాత్ర గణనీయం. వీణలోని ఘాత శ్రుతికి లోబడి ఉండటం దాని ప్రత్యేకత. గాత్రధర్మాన్ని ఏకైక ప్రమాణంగా తీసుకొని ఆంధ్ర బాణీని అంచనా వేయడం అసమగ్రం.

ఈ అంశాలు పరిశోధకుల ముందు ఒక కర్తవ్యాన్ని ఉంచుతున్నాయి. వైణికుల జీవితచరిత్రలు, కృతుల స్వరలేఖనాలు మన గ్రంథాలయాల్లో ఉన్నాయి. కలపను వేలితో తట్టి దాని నాదగుణాన్ని పసిగట్టే తయారీదారుని పరిభాష మాత్రం అతని నోట, అతని చేత ఉంది. మాండలిక వృత్తిపదకోశాల నిర్మాణంలో తెలుగు శాఖలకు సుదీర్ఘమైన అనుభవం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదకోశంతో ప్రారంభించిన మార్గం మన ముందుంది. వీణ తయారీకి సంబంధించిన పదజాలాన్ని నూజివీడు, బొబ్బిలి ప్రాంతాల నుంచి ఆ పద్ధతిలోనే సేకరించి, ధ్వనిముద్రణలతో జతపరచడం తక్షణం చేపట్టదగిన పని. వాద్యాన్ని తట్టి చూసే ఆ చేతి అనుభవం నమోదైనప్పుడే వీణ చరిత్రలో నాదానికీ, లయకూ సమానమైన స్థానం లభిస్తుంది.